ఆదివారం మా ఏటికి వచ్చిన వలంటీర్లకు

పిల్లలూ,

జూన్ మొదటి ఆదివారం పొద్దున తిరుపతి నుంచి రెండు బస్సుల్లో వచ్చి, రేణిగుంట దాటాక మా ఊరి పక్కన స్వర్ణముఖిలో దిగింది మీరే. గట్టు మీద కానుగ చెట్టు కింద కూర్చుని మిమ్మల్ని చూస్తున్న ముసలాయన్ని నేను. మీ పేర్లు నాకు తెలియవు. మీ సంఘం పేరు చొక్కాల మీద ఉంది గానీ నా కళ్లకు అందలేదు. అందుకే ఈ ఉత్తరం నలుగురూ చదివేటట్టు రాస్తున్నా. మీలో ఎవరికో ఒకరికి చేరకపోదు.

ముందు ఒక బాకీ తీర్చుకోవాలి. పదకొండు గంటలప్పుడు మీలో ఒక పాప సగం నిండిన గోనెసంచి పక్కన పెట్టి నా దగ్గరికొచ్చింది. "తాతా, ఈ ఏట్లోకి నీళ్లెప్పుడొస్తాయి?" అని అడిగింది. నేను నవ్వి, "రావడమేంది పాపా, నీ కాళ్ల కిందే ఉండాయి. చూపిస్తా రా" అన్నా. చిన్నప్పటి నుంచి ఉన్న ధీమా అది. ఏటి నడుమకు పోయి చేత్తో ఇసుక తోడడం మొదలుపెట్టా. మూర లోతు తీశా. పొడి. ఇంటికి మనిషిని పంపి పార తెప్పించి నడుము లోతు తీయించా. ఇసుక అయిపోయి నల్లటి బంకమన్ను తగిలింది. నీటి చెమ్మ లేదు. ఆ పాప మర్యాద తెలిసిన పిల్ల. "ఎండాకాలం కదా తాతా, అందుకే" అంది.

అమ్మా, చెలమ అంటే నీళ్ల కోసం ఏటి ఇసుకలో తవ్వుకునే గుంట. అది తవ్వేదే ఎండాకాలంలో. వానాకాలంలో చెలమతో ఎవరికి పని? మా అమ్మ రోహిణికార్తె ఎండల్లో ఇదే చోట మోచేతి లోతు తీసి, రాగిచెంబుతో నీళ్లు తేరుకునేదాకా రెండుసార్లు తోడిపోసి, మూడోసారి బిందె నింపుకునేది. బావినీళ్లతో ఉడకని కందిపప్పు చెలమ నీళ్లతో ఉడికేదని దాని మీద ఆమెకు గురి. ఆ పాపకు నేను చూపించాలనుకున్నది అది. చూపించలేకపోయా. ఆ రోజు నుంచి నాకు నిద్ర సరిగా లేదు. మీతో చెప్పాల్సింది చాలా ఉందనిపించింది.

మీరు చేసిన పని చిన్నదని నేననను. నలభై మంది నాలుగు గంటల్లో రెండు ట్రాక్టర్ల చెత్త తీశారు. క్యారీబ్యాగులు, బీరుసీసాలు, కోళ్ల ఈకల మూటలు, పోయిన వినాయక చవితి నాటి ఇనుప చువ్వలు, ఇంట్లో ఉంచుకోలేక, చెత్తకుండీలో వేయడానికి చేతులు రాక ఏటి ఒడ్డున వదిలేసి పోయిన పగిలిన దేవుడి పటాలు. ఆ పటాలను మీలో ఒకబ్బాయి చెప్పులు విడిచి ఏరడం చూశా. మా ఊరివాళ్లం రోజూ చూస్తూ ముక్కు మూసుకుని పోయేదాన్ని మీరు వంగి తీశారు. అది చూసి మరుసటి రోజు మా వీధి ఆడవాళ్లు ఇద్దరు చెత్త బుట్టలు ఏటికి తేవడం మానేశారు. ఇద్దరే. అయినా లెక్కలోకి తీసుకోండి.

ఒక్క మాట మాత్రం అనకుండా ఉండలేను. మీరు తాగడానికి తెచ్చుకున్న నీళ్లసీసాల పెట్టెలు ఆరు. ఏటిని బాగుచేయడానికి వస్తూ నీళ్లు కొనుక్కుని రావాల్సి వచ్చింది. తప్పు మీది కాదు. తిరుపతి కొళాయిల్లో వచ్చేది కళ్యాణి డ్యామ్ నీళ్లు, కండలేరు నుంచి వచ్చే తెలుగుగంగ నీళ్లు. కళ్యాణి కూడా స్వర్ణముఖిలో కలిసే ఏరే, 1977లో దానికి డ్యామ్ కట్టారు. ఊరు కొళాయికి అలవాటుపడ్డాక పక్కనున్న ఏటితో పని తీరిపోయింది. పని తీరిపోయిన ఏటికి మిగిలేది మురుగే. ఊరి దగ్గర ఏట్లో ఏపుగా పెరిగిన జమ్ము చూసి మీలో కొందరు పచ్చగా ఉందని ఫోటోలు తీసుకున్నారట. జమ్ము అంత ఏపుగా ఉందంటే అక్కడ మురుగు నిలుస్తోందని అర్థం.

అసలు సంగతికి వస్తా. ఏరంటే పైన పారే నీళ్లని మీరు అనుకుంటున్నారు. గోదావరికి, కృష్ణకు అది సరిపోతుంది. పాకాల దగ్గర కొండల్లో పుట్టి, చంద్రగిరి, తిరుచానూరు, శ్రీకాళహస్తి, నాయుడుపేట మీదుగా నూటముప్పై కిలోమీటర్లు పోయి సముద్రంలో కలిసే మా స్వర్ణముఖికి ఆ లెక్క సరిపడదు. ఇది ఏడాదిలో రెండు మూడు నెలలు పైన పారి, మిగిలిన కాలమంతా ఇసుకలో పారే ఏరు. మాకు పెద్దవానలు జూన్‌లో రావు, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనం, తుపానులు తెస్తాయి. ఆ నీళ్లను మళ్లీ ఆషాఢం దాకా దాచిపెట్టే కుండ ఇసుకే.

ఆ కుండ ఎంత పెద్దదో మీరు చదువుకున్నవాళ్లు, లెక్కవేసి చూడండి. ఇసుకలో సుమారు మూడో వంతు సందులే ఉంటాయి. వాన నీళ్లు ఆ సందుల్లో చేరతాయి. అందులో కొంత ఇసుకనే పట్టుకుని ఉంటుంది, బావికో చెలమకో ఊరి వచ్చేది ఘనపు మీటరుకు దాదాపు 200 లీటర్లు. ఏరు 100 మీటర్ల వెడల్పు, ఇసుక 3 మీటర్ల లోతు అనుకోండి. కిలోమీటరు పొడవులో ఉండే నీళ్లు 6 కోట్ల లీటర్లు. వాటికి మూత అక్కర్లేదు, అరమీటరు కిందికి దిగితే ఎండ పెద్దగా తగలదు. దోమ పుట్టదు. ఇప్పుడు దీన్నే తిరగేసి చూడండి. ట్రాక్టరుకు పట్టే ఇసుక 3 ఘనపు మీటర్లు. అంటే ప్రతి ట్రాక్టరుతోనూ మూడు డ్రమ్ముల నీళ్లు పట్టే చోటు పోతోంది. ఆ ఒక్క ఏడాదికి కాదు, మళ్లీ ఇసుక మేట వేసేదాకా ప్రతి ఏడాదీ మూడు డ్రమ్ములు.

మా నాయన నీరుగంటి. ఆయకట్టులో ఎవరి మడికి ఎన్ని గంటల నీళ్లో చూసి కట్టే పని. జీతం లేదు, కళ్లంలో ధాన్యం కొలిచేటప్పుడు ప్రతి రైతూ మేర ఇచ్చేవాడు. మా ఊరికి చెరువు చిన్నది, అసలు ఆధారం ఏటి నుంచి వచ్చే ఊటకాలువ. మీరు సంచులు పేర్చిన చోటికి కాస్త ఎగువన, గట్టులో రాళ్లు పేర్చిన సందు ఒకటి ఉంది చూడండి, చుట్టూ సర్కారు తుమ్మ పెరిగిపోయింది. అదే దాని నోరు.

ఊటకాలువ తీయడం ఎలాగో చూసినవాళ్లు ఇప్పుడు ఊళ్లో పది మంది కూడా లేరు. సంక్రాంతి పోయాక, పైన పారుడు ఆగిపోయాక మొదలుపెట్టేవాళ్లం. ఏటికి అడ్డంగా కాదు, ఏటవాలుగా ఎగువకు ఇసుకలో కాలువ తవ్వుకుంటూ పోవాలి. ఏరు ఎగువకు ఎత్తవుతుంది, కాలువ అడుగు మాత్రం దాదాపు సమంగా ఉండాలి. అలా పోతూ పోతూ ఒకచోట కాలువ అడుగు ఇసుకలోని నీటి మట్టాన్ని తాకుతుంది. అక్కడి నుంచి రెండు పక్కలా సన్నగా చెమరించి, చుక్కలై, ధారలై నీళ్లు దిగుతాయి. మోటారు లేదు, ఎద్దులతో నీళ్లు తోడే కపిల లేదు. నీళ్లు వాటంతటవే గట్టు దాటి మడిలోకి పోతాయి. ఇసుక కూలకుండా పక్కల తాటిదబ్బలు నాటి కొమ్మలూ బోదా అల్లేవాళ్లు. మట్టం చూడడానికి మా నాయనకు పరికరం లేదు. కాలువలో బోర్లా పడుకుని, చెంప ఇసుకకు ఆనించి, నీటి మీద ఎండ మెరుపు ఎటు సాగుతోందో చూసేవాడు. "ఇంకో జానెడు దించండిరా" అని ఆయన అంటే అంతే, ఎవరూ ఎదురు చెప్పరు.

ఆ పనికి ఇంటికొక మనిషి రావాల్సిందే. రానివాడు కూలి కట్టాలి. దానికి కుడిమరామత్తు అని పేరు. మా ప్రాంతం ఒకప్పుడు మద్రాసు రాష్ట్రంలోని ఉత్తర ఆర్కాడు జిల్లాలో ఉండేది, 1911లో చిత్తూరు జిల్లా అయింది. కాలువలు, చెరువుల మీద ఊరివాళ్లు చేయాల్సిన ఈ పనిని తెల్లవాళ్లు 1858లో చట్టంగా కూడా రాసుకున్నారు. చట్టానికి ముందూ ఊళ్లు చేస్తూనే ఉన్నాయి, తరవాతా చేశాయి. నేను మిమ్మల్ని చూసి మురిసిపోయింది అందుకే. వలంటీరు అనే మాట కొత్తది కావచ్చు గానీ ఏట్లో వంగిన నడుములు ఈ ఏటికి కొత్త కాదు. అంత సుఖమైన రోజులని మాత్రం అనుకోకండి. ఇంటికొక మనిషి అన్నది పేరుకే, బరువు పని ఎవరి వీధి మీద పడేదో, నీళ్లు మాత్రం ఎవరి మడికి ముందు పోయేవో మా నాయన నోరు తెరిచి చెప్పేవాడు కాడు, నేను చూశాను. ఆ పాత పద్ధతిని ఉన్నదున్నట్టు తెచ్చుకోమని నేను చెప్పడం లేదు.

ఇప్పుడా కాలువ నోటి దగ్గరికి పోయి కిందికి చూడండి. ఏరు నా ఎత్తున కిందికి దిగిపోయింది. కాలువ నోరు గట్టుకు పైన మిగిలిపోయింది. కింద ఎంత నీరు ఊరినా ఇక ఆ నోటికి అందదు. పూడిక తీస్తే బాగుపడే కాలువ కాదది. ఏరు పైకి రావాలి. ఇసుక తిరిగి పడాలి.

ఇసుక ఎవరు తీశారని అడుగుతారు. రాత్రిపూట వచ్చే లారీలవాళ్ల మీద చెప్పడం సులువు. వాళ్లు తీశారు, నిజమే. కానీ మా ఇల్లు కట్టింది ఈ ఇసుకతోనే. ఆరేళ్ల పాటు మా ఇంట్లో ట్రాక్టరు ఉండింది. మా పెద్దోడు వ్యవసాయానికని కొన్నాడు, వ్యవసాయం దాని కిస్తీ కట్టలేదు, ఇసుక కట్టింది. నీరుగంటి మనవడు నీటి కుండను తట్టల లెక్కన అమ్మాడు, నేను లెక్క రాసిపెట్టా. తిరుపతిలో మీరుండే అపార్టుమెంట్ల గోడల్లోనూ ఈ ఏరు కొంత ఉండే ఉంటుంది. మీరు నన్ను తిట్టుకోవచ్చు. పోయినోళ్లను తిట్టడం కన్నా ఉన్నోడిని తిట్టడం మేలు, జవాబైనా వస్తుంది.

చట్టం లేక కాదు. 2002లో నీరు, భూమి, చెట్ల చట్టం వచ్చింది, అందరూ వాల్టా అంటారు. వంతెనలు, ఆనకట్టలకు 500 మీటర్ల లోపు ఇసుక తీయకూడదని దాని నిబంధనల్లో ఉంది. 2024లో ఉచిత ఇసుక విధానం వచ్చింది, ఇసుకకు వెల లేదు, తవ్వకం, రవాణా ఖర్చే. పేదవాడి ఇంటికి అది మంచిదే, కాదనను. కానీ వెల లేని సరుకుకు కాపలా ఎవరు కాస్తారు?

మా కాళహస్తి కథ ఒకటి మీరు వినే ఉంటారు. గుడి కట్టిన కూలీలకు సాయంత్రం ఏటి ఇసుకే కూలిగా ఇచ్చేవాళ్లట. పని చేసినవాడి చేతిలో ఆ ఇసుక చేసిన పనికి తగ్గ బంగారమయ్యేది, పని ఎగ్గొట్టినవాడి చేతిలో ఇసుకగానే ఉండిపోయేది. స్వర్ణముఖి పేరుకు ఈ కథే చెబుతారు. కథలోనైనా లెక్క మనిషికి తగినట్టు ఉంది. మాకు ఇసుక చేతిలో పడ్డ రోజే బంగారమైంది, పనితో సంబంధం లేకుండా.

2021 నవంబరు మీకు గుర్తుందా? మీరప్పుడు బడిపిల్లలై ఉంటారు. తిరుచానూరు దగ్గర ఏటి గట్టున ఉన్న మేడ ఒకటి అలాగే ఒరిగి నీళ్లలో పడిపోయింది, దేశమంతా ఫోన్లలో చూసింది. రాయలచెరువు కట్టకు గండి పడుతుందేమోనని కింది ఊళ్లను ఖాళీ చేయించారు. ఏరు రెండు గట్లూ ఒరుసుకుని పారింది. మా ఊళ్లో ముసలోళ్లమంతా భయపడుతూనే సంతోషపడ్డాం, పదేళ్లకు సరిపడా నీళ్లని. రెండేళ్లకు కూడా రాలేదు. ఇసుక మందంగా ఉంటే వరద పరుచుకుని, నెమ్మదించి, ఇంకుతుంది. ఇసుక పోయి లోతైన ఏట్లో వరద గొట్టంలో పోయినట్టు పోతుంది, పోతూ పోతూ గట్లను కింది నుంచి కోస్తుంది. గట్టు మీద ఇల్లు ఉండకూడదన్నది ఒక మాట, గట్టే ఉండకుండా పోయిందన్నది ఇంకో మాట. రెండోదాని గురించి ఎవరూ మాట్లాడరు.

అందుకని మిమ్మల్ని రావద్దనడం లేదు. మళ్లీ రండి. కానీ జూన్‌లో కాదు.

మీరు ఆ రోజు యాభై మొక్కలు నాటారు. మీరు పోయాక మూడు వారాలు నేను, మా మనవడు బిందెలతో నీళ్లు పోశాం. పదకొండు బతికున్నాయి. పర్యావరణ దినం జూన్ 5న వస్తుంది, మా వానలు అక్టోబరులో వస్తాయి, క్యాలెండరుకు ఆ సంగతి తెలియదు. కానుగ గానీ నేరేడు గానీ సెప్టెంబరు చివర నాటండి. మొక్కకు రెండు నెలలు ఉచితంగా నీళ్లు దొరుకుతాయి. చెత్త ఏరడమూ అంతే. వినాయక నిమజ్జనం అయ్యాక, మొదటి పెద్దవానకు ముందు ఏరితే కింద కాళహస్తికీ, నాయుడుపేటకీ, వాకాడు దగ్గర బ్యారేజీకీ కొట్టుకుపోకుండా ఆగుతుంది. జూన్‌లో ఏరితే అక్టోబరుకు మళ్లీ నిండుతుంది.

ఇంకోటి, ఏటికి మాత్రమే రాకండి. ఏటికి నీళ్లు వచ్చే దారికి రండి. చంద్రగిరి వైపు కొండల నుంచి వంకలు దిగుతాయి. వంక చెరువులోకి పోతుంది, చెరువు నిండితే మొరవ, అంటే మిగులు నీళ్లు పోయే అలుగు, పారి కింది చెరువుకు పోతుంది, ఆఖరి చెరువు మొరవ ఏట్లో పడుతుంది. ఎక్కడ వంకలో ఎవరు మట్టి తోలారో, ఎక్కడ లేఅవుటు రోడ్డు కింద గొట్టం చిన్నదైపోయిందో, ఏ మొరవ రాళ్లు సడలాయో ఎవరికీ తెలియదు. వరదరోజు టీవీలో తెలుస్తుంది. మీ నలభై మందికీ బళ్లున్నాయి, ఫోన్లున్నాయి. అక్టోబరుకు ముందు రెండు ఆదివారాలు వంకల వెంబడి నడిచి, చూసింది చూసినట్టు ఫోటోతో, చోటుతో రాసి గ్రామ సచివాలయంలో ఇచ్చి రసీదు తీసుకోండి. గ్రామసభలో చదివించండి. ఇది ఫోటోకు అందంగా ఉండే పని కాదు, మీ చొక్కాలకు ముళ్లు పట్టుకుంటాయి.

రాత్రిపూట ఇసుక బళ్లకు అడ్డం పోవద్దు. ఇది ఆజ్ఞ అనుకోండి. మీ అమ్మానాన్నలకు నేను జవాబు చెప్పుకోలేను. బదులుగా కొలవండి. మా వంతెన స్తంభం మీద నేను మొన్న సున్నంతో ఒక గీత గీశా, ఈ ఏడాది ఇసుక మట్టం అది. ఏడాదికి రెండుసార్లు, వరద ముందూ వరద తరవాతా, ఇసుక ఆ గీతకు పైనుందో కిందుందో కొలిచి తేదీ రాస్తే నాలుగేళ్లలో ఎవరూ కాదనలేని కాగితం ఒకటి తయారవుతుంది. అలాగే ఏటి పక్కన మా ఆరు బావులు. ఒకటే ఎండిపోలేదు. నీళ్లెంత లోతులో ఉన్నాయో నెలకోసారి చూడాలి. నాకు బావిలోకి వంగే ఓపిక లేదు, కళ్లకు పొర.

రైతులు కొలవడమేంటని నవ్వే వాళ్లుంటారు. 2000 దశకంలో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ సాయంతో మన చిత్తూరు, అనంతపురం, కడప సహా ఏడు జిల్లాల్లో రైతులే వాన కొలిచారు, బోర్లలో నీటి మట్టం కొలిచారు. రబీకి ముందు ఊరంతా కూర్చుని ఉన్న నీళ్లెన్ని, వేయబోయే పంటకు కావాల్సినవి ఎన్ని అని లెక్కలు గోడల మీద రాసుకున్నారు. ఆ లెక్క చూసి వరి తగ్గించినవాళ్లున్నారు. ఎవరూ ఆంక్ష పెట్టలేదు, ఎవరూ డబ్బివ్వలేదు. అంకె కళ్ల ముందుంటే మనిషి సిగ్గుపడతాడు. నా విషయంలోనైతే ఖాయంగా పడతాడు.

మా ఊరి తరఫున మేం చేసేది కూడా చెబుతా, లేకపోతే ఇదంతా ముసలోడి సణుగుడవుతుంది. మా ట్రాక్టరు అమ్మేసి నాలుగేళ్లయింది. పోయిన నెల ఊళ్లో కూర్చుని, కాలువ నోటికి ఎగువా దిగువా అర కిలోమీటరు దాకా మా ఊరి బండి ఇసుకకు పోదని మాట అనుకున్నాం. పొరుగూరి బళ్ల సంగతి మా చేతిలో లేదు. వాళ్లతో మాట్లాడడానికి ఇద్దరు పోయొచ్చారు, ఒక ఊరివాళ్లు టీ ఇచ్చారు, ఇంకో ఊరివాళ్లు ఇవ్వలేదు. కాలువలో సర్కారు తుమ్మ కొట్టడం మొదలుపెట్టాం. నీళ్లు రాని కాలువకు తుమ్మ కొట్టడమెందుకని మా కోడలు అడిగింది. జవాబు చెప్పలేదు. మర్నాడు తనే కొడవలి తెచ్చుకుంది.

సెప్టెంబరు ఆఖరి ఆదివారం రండి. ఎండకు ముందే, ఆరింటికి. నీళ్లసీసాలు తేవద్దు, ఎండని ఆ ఒక్క బావి నీళ్లు కాచి చల్లార్చి కుండలో పోసి ఉంచుతా. తెచ్చుకోవాల్సింది ఇరవై మీటర్ల తాడు, మీటరుకొక ముడి వేసి, కొసన రాయి కట్టింది. ఒక నోటుబుక్కు. ఆ రోజు నన్ను అడిగిన పాపను తప్పకుండా వెంట తీసుకురండి. పెద్దవానలు పడి, ఏరు ఒకసారి పారి ఆగాక, సంక్రాంతి తరవాత ఇంకోసారి ఆమెతో చెలమ తవ్విస్తా. ఈసారి ఎక్కడ తవ్వాలో నేను చెప్పను, తననే చూపించమంటా.

ఇట్లు,
ఏటి గట్టున ఒక రైతు,
నీరుగంటి కొడుకు